పెంపుడు కుక్కకు తొలి మూర్ఛ: చేయవలసినవి, చేయరానివి

మూడు సంవత్సరముల క్రిందట ఒక తెల్లవారుజామున మా ఇంటి వసారాలో నిద్రించుచున్న కుక్క హఠాత్తుగా ప్రక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళను కొయ్యలవలె బిగించినది. మెడ వెనుకకు వంగినది. కొన్ని క్షణములకు కాళ్ళు నీటిలో ఈదుచున్నట్లు కొట్టుకొనసాగినవి. దవడలు టకటకలాడినవి. నోట నురుగు వచ్చినది. పడియున్నచోటనే మూత్రము జారినది. అది నాటు కుక్క, పేరు భైరవుడు. అప్పటికి దానికి నాలుగవ యేడు. అంతకుముందెన్నడును దానికి ఇట్టిది రాలేదు.

ఇంటిల్లిపాది లేచి చేరినారు. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చినారు. ప్రక్కింటి అమ్మగారు ఉల్లిగడ్డను కోసి తెచ్చినారు. వీధిలో పోవుచున్న ఒక యువకుడు నురుగును చూచి పిచ్చికుక్క అని కేకవేసి కర్ర వెదకినాడు. దశాబ్దములుగా వైద్యము చేయుచున్న నేను చేసినదేమి? మందుల బీరువా తెరచి, వసచూర్ణమును తేనెలో రంగరించి దాని నాలుకపై రాయబోయినాను. మరుక్షణములో ఆ దవడలు నా కుడిచేతి చూపుడువేలిపై మూసికొన్నవి. అది నేను నాడి చూచు వేలు.

ఆ ఉదయము సరిగా నడచుకొన్నది మా చిన్నకోడలు ఒక్కతెయే. వసారా మెట్ల అంచున ఒక బొంత అడ్డముగా వేసి, గోడ గడియారము వైపు చూచుచు, "మామయ్యగారూ, చెయ్యి తీసెయ్యండి. ఒకటిన్నర నిమిషం అయింది, తగ్గుతోంది" అన్నది. అట్లే తగ్గినది. నా చూర్ణము వలన కాదు, తనంతట తానే తగ్గినది.

కుక్కలను పెంచుకొనుచున్న కుటుంబములు నేడు అనేకము. తొలిసారి మూర్ఛను చూచినపుడు కలుగు భయములో మంచి మనస్సుతోనే మనము ఎంత హాని చేయగలమో నేను స్వయముగా తెలిసికొన్నాను. అందుచేత ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ మూర్ఛ స్వరూపము

మన శాస్త్రములో దీనికి అపస్మారమని పేరు. స్మృతి తొలగిపోవుట అని దాని భావము. తెలుగునాట కాకిసొమ్మ అనియు, నేడు ఫిట్స్ అనియు అందురు. మెదడులోని నాడీకణములు క్రమము తప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్తును వెలువరించుట వలన శరీరము తన వశము తప్పునని ఆధునిక శాస్త్రము చెప్పుచున్నది. ఆ సమయములో కుక్కకు స్పృహ ఉండదు. మనము పిలిచినను వినదు. అరచినను అది నొప్పితో అరచుట కాదు. ఈ ఒక్క సంగతి తెలిసిన చూచువారికి సగము ధైర్యము కలుగును.

వేగము సాధారణముగా మూడు దశలలో నడచును. మొదట కొంతసేపు కుక్క కలవరపడును. ఇంటివారిని అంటిపెట్టుకొని తిరుగుట, మూలకు పోయి దాగుట, ఊరక మూలుగుట కనిపించును. కొన్ని కుక్కలలో ఈ దశ తెలియదు. తరువాత అసలు వేగము. ఇది చాలమారులు ఒకటి రెండు నిమిషములలో ముగియును. చూచువారికి మాత్రము అది పావుగంటవలె తోచును. మూడవది తేరుకొను దశ. కుక్క లేచి తూలుచు నడచును, గోడలకు తగులును, కొంతసేపు కన్ను కనబడనట్లుండును, ఇంటివారిని గుర్తింపదు, ఆకలితో లేక దాహముతో వెదకులాడును. ఇది కొన్ని నిమిషముల నుండి ఒక దినము వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండవచ్చును. వేగము తగ్గిన పిదప రోగి నిద్ర నుండి లేచినట్లు మేల్కొనునని చరకుడు చికిత్సాస్థానము పదియవ అధ్యాయములో వర్ణించినాడు. భైరవుడు లేచి అయోమయముగా చూచినపుడు నాకు ఆ వర్ణన జ్ఞప్తికి వచ్చినది.

ఆ రెండు నిమిషములలో చేయవలసినవి

అపస్మార రోగిని నీటి నుండి, నిప్పు నుండి, చెట్ల నుండి, కొండల నుండి, అపాయకరమైన చోట్ల నుండి సర్వదా కాపాడవలెనని అదే అధ్యాయములో కలదు. గురుకులములో మా గురువుగారు ఘృతముల పట్టిక కంటె ముందు ఈ మాటను వల్లెవేయించెడివారు. నేను దానిని మనుష్యుల విషయములో ఎన్నోమారులు చెప్పితిని గాని, నా వసారాలో మరచితిని. కుక్క విషయములో దాని అన్వయము ఇది:

1. గడియారము చూడుడు. వేగము మొదలైన సమయమును గుర్తుంచుకొనుడు. తరువాత వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న ఇదియే.

2. మెట్లు, మిద్దె అంచు, నూతి గట్టు, నీటితొట్టి, పొయ్యి, వీధి, వీని నుండి కుక్కను దూరము చేయుడు. జరుపవలసివచ్చినచో తలవైపు పోక, వీపువైపు నుండి నడుము పట్టి గాని, క్రింద దుప్పటి దూర్చి గాని మెల్లగా లాగుడు. అపాయము లేనిచో కదలింపనే వద్దు.

3. తల నేలకు కొట్టుకొనకుండ మెత్తని గుడ్డనో బొంతనో ప్రక్కన చేర్చుడు. కుర్చీలు, బల్లలు తొలగింపుడు. మెడపట్టీ బిగువుగా ఉన్నచో వీలైన విప్పుడు.

4. టీవీ ఆపుడు. దీపములు తగ్గింపుడు. పిల్లలను లోపలికి పంపుడు. ఇంటిలో వేరొక కుక్క ఉన్నచో దానిని వేరుగదిలో ఉంచుడు. మూర్ఛలోనున్న కుక్కపై తోటి కుక్క దాడి చేయుట కద్దు.

5. కండరములు ఎడతెగక బిగియుట వలన ఒంటివేడి పెరుగును. పంకా వేయుడు. రెండు మూడు నిమిషములు దాటినచో మామూలు చల్లని నీటితో తడిపిన గుడ్డను పాదములకు, పొత్తికడుపునకు, గజ్జలకు అద్దుడు. మంచుగడ్డలు వద్దు. ఆరోగ్యమైన కుక్క ఒంటివేడి సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు ఉండును. 104 దాటిన పశువైద్యుని సాయము వెంటనే కావలెను.

6. మరియొకరు దూరముగా నిలిచి చేతిఫోనులో వీడియో తీయుట మంచిది. వైద్యుడు కన్నులార చూడని వ్యాధికి అది పెద్ద సాక్ష్యము. హృదయరోగము వలన సొమ్మసిల్లిన కుక్కకును, మూర్ఛ వచ్చిన కుక్కకును భేదము దానిలో చాలవరకు తెలిసిపోవును.

చేయరానివి

నోటిలో వేలు గాని, చెంచా గాని, కర్ర గాని పెట్టరాదు. కుక్క తన నాలుకను మ్రింగుట జరుగదు. మ్రింగునను భయముతో చేయి పెట్టినవారికే గాయమగును. నీరు, పాలు, తేనె, మందు, ఏదియు నోట పోయరాదు. స్పృహ లేని ప్రాణికి మ్రింగు శక్తి ఉండదు గనుక అది ఊపిరితిత్తులలోనికి పోవును. కాళ్ళను అదిమి పట్టరాదు. పట్టినంత మాత్రమున వేగము ఆగదు. కేకలు వేయరాదు, చెంపలు తట్టరాదు.

ఇనుము చేతికిచ్చుట, చెప్పు వాసన చూపుట మనవారు మనుష్యులకు చేయు పనులు. వేగము ఎట్లును రెండు నిమిషములలో తగ్గును గనుక, ఆ సమయమునకు చేతిలో నున్నదానికి ఆ కీర్తి దక్కుచున్నది. నా వసచూర్ణమునకును ఆనాడు అట్టి కీర్తియే దక్కియుండెడిది, వేలు కరవబడకున్నచో.

పిచ్చికుక్క అను భయము

నురుగు చూడగానే కర్ర వెదకుట మన వీధులలో తరచు జరుగు విషాదము. రేబిస్ భయంకరమైన వ్యాధి. దానిని తేలికగా తీసికొనరాదు. కాని మూర్ఛకును దానికిని స్పష్టమైన భేదము కలదు. మూర్ఛ వచ్చిన కుక్క కొన్ని గంటలలో, హెచ్చు ఒకటి రెండు దినములలో మునుపటివలె తిని, తోక ఊపును. రేబిస్ సోకిన కుక్క తేరుకొనదు. దాని స్వభావము మారును, గొంతు మారును, దవడ జారును, మ్రింగలేకపోవును, నడక తడబడును. లక్షణములు కనిపించిన పిదప పది దినములలోపుననే సాధారణముగా మరణించును. ఏటేట టీకా వేయించిన కుక్కకు ఇది సోకుట మిక్కిలి అరుదు. టీకా చరిత్ర తెలియని కుక్క విషయములో మాత్రము దాని లాలాజలమును వట్టిచేతులతో తాకక, పశువైద్యునికి తప్పక చూపవలెను.

మూర్ఛలో కుక్క కరచినచో, పెంపుడుదైనను, గాయమును సబ్బుతో పారు నీటి క్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యుని కలిసి టీకా సంగతి అడుగవలెను. గాయముపై సున్నము, పసుపు, కారము అద్దరాదు. భైరవునికి టీకాలు సక్రమముగా వేయించియున్నను నేను ఆస్పత్రికి పోయి వైద్యుడు చెప్పినట్లు సూదులు వేయించుకొన్నాను. రేబిస్ లక్షణములు పైకి వచ్చిన పిదప దానిని మళ్ళించు మందు ఆయుర్వేదములోను లేదు, అల్లోపతిలోను లేదు.

కారణములు

మూర్ఛ ఒక లక్షణము. దాని వెనుక కారణములు అనేకము. కుక్క వయస్సు మొదటి సూచన నిచ్చును.

పసికూనలలో, ముఖ్యముగా చిన్నజాతులలో, తిండి ఆలస్యమై రక్తములో చక్కెర తగ్గుట వలన రావచ్చును. టీకాలు వేయని కూనలలో డిస్టెంపర్ అను అంటువ్యాధి మరియొక కారణము. ముందు జ్వరము, కన్నుల ముక్కుల వెంట చీము, దగ్గు, విరేచనములు కనిపించి, పిదప దవడలు, కాళ్ళు అదరుట మొదలగును. ఈనిన కొద్ది వారములలో, పాలిచ్చుచున్న తల్లికుక్కకు వణకు, బిగింపు, తీవ్రమైన వేడి కనిపించినచో అది రక్తములో సున్నపు ధాతువు తగ్గుట వలన కావచ్చును. అప్పుడు గంటల ఆలస్యము కూడ ప్రాణాంతకము. మే నెల ఎండలో మూసిన కారులో ఉంచిన కుక్కకు వడదెబ్బ వలన రావచ్చును.

ఏ వయస్సులోనైనను విషము కారణము కావచ్చును. ఎలుకలమందు, పురుగులమందు, నత్తలమందు ఇందులో ముఖ్యములు. కాలేయము, మూత్రపిండములు చెడినను రావచ్చును. ముదిమిలో తొలిసారి వచ్చినచో మెదడులో గడ్డ ఉన్నదేమో చూడవలెను.

ఆరు నెలలకు ఆరేండ్లకు నడుమ, మిగిలిన అన్నివిధముల ఆరోగ్యముగా నున్న కుక్కకు, నిద్రలోనో విశ్రాంతిలోనో వచ్చి, పరీక్షలలో ఏ దోషమును కనిపింపనిచో దానిని సహజమైన ఎపిలెప్సీగా తలంతురు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, బీగిల్ వంటి జాతులలో ఇది వంశానుగతముగా వచ్చుచున్నది. ఇట్టి కుక్కలను ఈనించరాదు.

ఆలస్యము పనికిరాని సందర్భములు

వేగము అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే రెండవ వేగము మొదలైనను, ఇరువదినాలుగు గంటలలో రెండు మారులు వచ్చినను, విషము తిన్నదను అనుమానమున్నను, గర్భిణియో పాలిచ్చు తల్లియో పసికూనయో అయినను క్షణము ఆగక పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. త్రోవలో తల గాలికి తెరచియుండునట్లు దుప్పటిలో ఉంచవలెను. ఒకే వేగము వచ్చి రెండు నిమిషములలో తగ్గి, కుక్క తేరుకొన్నచో ప్రాణభయము లేదు. అయినను ఒకటి రెండు దినములలో చూపించి రక్తపరీక్ష చేయించుట విధి.

మన ఇంటి మందుల మాట

వైద్యుడనైన నేను సిగ్గు విడచి చెప్పవలసిన భాగము ఇది. ఏనుగుల చికిత్సకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము, గుఱ్ఱముల చికిత్సకు శాలిహోత్ర సంప్రదాయము వేరు వేరుగా ఏల పుట్టినవి? మనుష్యునకు చెప్పిన మందు మోతాదు తగ్గించినంత మాత్రమున మృగమునకు సరిపడదని మన పూర్వులు ఎరిగియుండుటచేతనే. మనకు పథ్యమైనవి కొన్ని కుక్కకు విషములు.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చిదిమివేయును. పచ్చివైనను ఉడికినవైనను ఒక్కటే. కావున ఉల్లిరసము ముక్కులో పిండుటయు, వెల్లుల్లి పాలు త్రాగించుటయు మానవలెను. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలలో మూత్రపిండములను దెబ్బతీయును. ద్రాక్షారిష్టములో ద్రాక్షయు కలదు, మద్యాంశమును కలదు. అది కుక్కకు పనికిరాదు.

కర్పూరమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మూర్ఛపోయినవారి ముక్కు వద్ద కర్పూరము, దానితో చేసిన లేపనము పట్టుట మనకు అలవాటు. కాని లోపలికి పోయిన కర్పూరము తానే మూర్ఛను పుట్టించును. 1934లో హంగరీ దేశములో మెడూనా అను వైద్యుడు మానసిక రోగులలో కావలెననియే మూర్ఛను తెప్పించుటకు మొదట వాడినది కర్పూరమునే. దేవుని గదిలోని కర్పూరపు డబ్బా, నొప్పుల లేపనములు, నీలగిరి తైలము కుక్కకు అందనిచోట ఉంచవలెను.

మరియొకటి ముషిణి గింజ. దీనినే విషముష్టి అందుము. శుద్ధి చేసి కీళ్ళనొప్పులకు, అగ్నిమాంద్యమునకు మనము వాడు విషతిందుక వటి, అగ్నితుండి వటి వంటి మాత్రలలో అది కలదు. అందులోని స్ట్రిక్నీన్ కుక్కలను చంపుటకు ఒకప్పుడు వాడిన విషమే. దాని వలన వచ్చు బిగింపులో కుక్కకు స్పృహ ఉండును, చిన్న చప్పుడునకే మరల బిగిసిపోవును. అట్టి మాత్రల సీసా క్రిందపడి కుక్క నాకినదని తెలిసినచో సీసాతో సహా పశువైద్యుని వద్దకు పరుగెత్తవలెను.

చాక్లెట్, కాఫీపొడి, చక్కెర లేని చూయింగ్‌గమ్ములలోని జైలిటాల్ కూడ మూర్ఛను తెప్పింపగలవు. ఇంటిలో ఎవరికైన మూర్ఛరోగమున్నదని వారి మాత్రలలో ఒకటి కుక్కకు వేయుట మరియొక పొరపాటు. మనుష్యులకు ఉపయోగపడు ఫెనిటాయిన్ కుక్క శరీరములో అతిత్వరగా విరిగిపోవుటచే దానికి మేలు చేయదు.

బ్రాహ్మి, వస, పంచగవ్య ఘృతము, కల్యాణక ఘృతము అపస్మారములో మనుష్యులకు చెప్పబడినవి. కుక్కకు వాని మోతాదు నాకు గురుముఖతః రాలేదు. రానిదానిని నేను ఈయను. మీరును ఈయవద్దని నా మనవి.

తరువాతి చికిత్స

ఒక్క మూర్ఛకే నిత్యౌషధము సాధారణముగా మొదలుపెట్టరు. ఆరు నెలలలో రెండు లేక అంతకు హెచ్చు వచ్చినను, ఒక్కటియే దీర్ఘముగా నిలిచినను, వెంటవెంట వచ్చినను మొదలుపెట్టుదురు. ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్, లెవెటిరాసెటామ్ అందులో తరచు వాడబడునవి. ఇవి వ్యాధిని సమూలముగా తొలగించునవి కావు, వేగములను తగ్గించునవి. గడియారము ప్రకారము ఈయవలెను. బాగున్నదని హఠాత్తుగా మానినచో వ్యాధి మునుపటికంటె ఉధృతముగా తిరుగబడును. ఫినోబార్బిటాల్ వాడు కుక్కకు అప్పుడప్పుడు రక్తములో మందు పాలు, కాలేయపు స్థితి చూపించవలెను. ఆకలి, దాహము పెరుగుట ఆ మందు గుణమే. బ్రోమైడ్ వాడు కుక్కకు ఉప్పు ఒకేతీరుగా ఉండవలెను. ఒకనాడు ఊరగాయ అన్నము, మరునాడు చప్పిడి అన్నము పెట్టినచో రక్తములో మందు హెచ్చుతగ్గులగును. దీర్ఘవేగమునకు ఇంటిలోనే ఈయదగిన మందును వైద్యుడు వ్రాసియిచ్చినచో, దానిని వాడు విధానమును ఆయన ఎదుటనే నేర్చుకొనవలెను.

ఒక చిన్న పుస్తకము పెట్టుడు. తేదీ, సమయము, ఎన్ని నిమిషములు, అంతకుముందు తిన్నదేమి, తేరుకొనుటకు పట్టినకాలము వ్రాయుడు. దోషములు పక్షమునకో, పండ్రెండు దినములకో, మాసమునకో ప్రకోపించి వేగమును తెచ్చునని చరకుడు చెప్పినాడు. కాలమును లెక్కించుట ఈ వ్యాధి చికిత్సలో కొత్త సంగతి కాదు.

భైరవునికి నాలుగు నెలలకు రెండవ మూర్ఛ వచ్చినది. ఆనాడు నేను మందుల బీరువా వైపు పోలేదు. గడియారము చూచి, బొంత వేసి, రెండడుగుల దూరములో కూర్చున్నాను. ఒక నిమిషము నలుబది క్షణములు. పుస్తకములో వ్రాసినాను. పశువైద్యుడు ఫినోబార్బిటాల్ మొదలుపెట్టినాడు. నేడు దానికి ఏడవ యేడు. ఉదయము ఏడింటికి, సాయంత్రము ఏడింటికి పెరుగన్నపు ముద్దలో మాత్ర పెట్టి మా కోడలు ఇచ్చును. గడచిన సంవత్సరము పుస్తకములో రెండే పంక్తులు చేరినవి. నా వేలిపై మచ్చ మిగిలియే ఉన్నది. ఇంటికి వచ్చు రోగుల నాడిని ఆ వేలితోనే చూచుచున్నాను. ఎవరైన తమ ఇంటి కుక్కకు మూర్ఛ వచ్చినదని, ఏమి మందు ఈయవలెనని అడిగినచో, ఎన్ని నిమిషములు ఉన్నదని ముందుగా అడుగుచున్నాను.